భోషాణం మూత, మంచు గుంట

నిద్ర పట్టట్లేదు. టైము పన్నెండున్నర దాటింది. కారణం భోషాణం, పాతకాలపు పెద్ద చెక్క పెట్టె. అదే, అత్తయ్యగారిది. ఉగాదికి ఊరి నుంచి డీసీఎంలో తెప్పించి పడగ్గదిలో కిటికీ కింద పెట్టామని రాశాను కదా, దాని మూత ఇవాళ మధ్యాహ్నం పగిలింది. టప్పుమని ఒకటే చప్పుడు. చిన్నది హాల్లో ట్యూబ్‌లైట్ పేలిందనుకుంది. నేను వెళ్ళి చూస్తే మూత మీద ఈ అంచు నుంచి సగం దాకా చీలిక. గోరు దూరుతోంది అందులో.

సాయంత్రం వడ్రంగి వచ్చాడు. మూత మీద అరచేత్తో రాసి చూసి, "ఏసీ గదిలో పెట్టారా మేడమ్?" అన్నాడు. ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు పెట్టామన్నాను. "ఇన్నేళ్ళు ఊళ్ళో గాలికి అలవాటు పడ్డ కర్ర. ఒక్కసారిగా దాని ఒంట్లో తేమంతా లాగేస్తే పగలక ఏం చేస్తది" అన్నాడు. ఎంత బాగా చెప్పాడో అనుకుంటున్నాను, ఈలోపే సంచీలోంచి రెండంగుళాల మేకులు తీశాడు. "మేకులేంటికి నాయనా దానికి?" అని అత్తయ్య అంటూనే ఉన్నారు, ఒకటి దిగింది. నేను వద్దు వద్దు అనేలోపు రెండోది కూడా దిగింది. ఆ రెండో మేకు దగ్గర కొత్తగా ఇంకో సన్నటి బీట. "అది పాతదే మేడమ్" అన్నాడు. పాతది ఎలా అవుతుంది? నేను రోజూ తుడుస్తున్నాను! కాసేపు వాదన. చివరికి ఆదివారం వచ్చి కింద పట్టీ వేస్తానని చెప్పి రెండొందలు పట్టుకెళ్ళాడు. మా ఆయన మాత్రం ల్యాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండా, "పాత చెక్క, పగుల్తుంది" అన్నారు. పెద్ద శాస్త్రవేత్త.

అసలు నేను రాయడానికి కూర్చున్నది ఇందుకు కాదు. తేమ అన్న మాట వినగానే నాకు బేషెహిర్ గుర్తొచ్చింది. పోయినేడాది టర్కీ వెళ్ళినప్పుడు కొన్యా నుంచి వ్యాన్‌లో ఓ పూట వెళ్ళొచ్చిన ఊరు. అక్కడి మసీదు ఫొటోల కోసం రాత్రి ఫోనంతా గాలించాను. మిహ్రాబ్ (మక్కా దిక్కు గోడలో ఉండే గూడు) ఉంది, స్తంభాలున్నాయి, సరస్సు పక్కన ఆయన ఐస్‌క్రీమ్ తింటున్నవి నాలుగున్నాయి. మసీదు మధ్యలో, వెనకటికి మంచు పోసిన గుంట ఒకటుంది, దానిది మాత్రం ఒక్కటీ లేదు. దాని కటకటాలకు ఆనుకుని నిలబడ్డాను కూడాను. చేతిసంచీ దాని మీద పెట్టి చార్జర్ వెతుక్కున్నాను. ఫొటో మాత్రం తియ్యలేదు. అదీ నన్ను నిద్ర పోనివ్వనిది.

ఆ మసీదు పేరు రాయడానికి ఎష్రెఫోగ్లు, పలకడానికి గ మింగేసి ఎష్రెఫోలు. కట్టించినవాడు ఎష్రెఫోలు సులేమాన్ బే. 1243లో మంగోలుల చేతిలో ఓడిపోయాక అనతోలియాలో (ఇప్పటి టర్కీలో ఆసియా వైపు భాగం) దాన్ని ఏలుతున్న సెల్జుక్ సుల్తానులు పేరుకే సుల్తానులుగా మిగిలారు. అప్పుడు ఎక్కడి సరిహద్దు నాయకుడు అక్కడ చిన్న రాజ్యం పెట్టుకున్నాడు. ఈయన సరస్సు ఒడ్డున పట్టణం కట్టి దానికి తన పేరే పెట్టుకున్నాడు, సులేమాన్‌షెహిర్ అని. (షెహిర్ అంటే మన హైదరాబాదీల షహరే.) మసీదు 1296లో మొదలుపెట్టి 1299కి పూర్తి చేయించాడు. పక్కనే తన సమాధి కూడా బతికుండగానే కట్టించుకున్నాడు. 1326కల్లా మంగోలుల గవర్నరు తిముర్తాష్ వచ్చి వీళ్ళ రాజ్యాన్ని ముగించేశాడు. మసీదు పూర్తయ్యాక ముప్ఫై ఏళ్ళు కూడా నిలవలేదు ఆ వంశం. కర్ర మాత్రం ఇంకా అలాగే ఉంది.

కర్రే, అవును. బయట రాతి గోడలు, ఎత్తైన రాతి ద్వారం చూసి లోపల కూడా గుమ్మటాలు, రాతి కమానులు ఉంటాయనుకున్నాను. లోపలికి అడుగు పెడితే అడవి. నలభై దాకా దేవదారు స్తంభాలు, ఒక్కోటి సుమారు ఏడున్నర మీటర్లు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు. మిహ్రాబ్ వైపు ఏడు వరుసలుగా నడవలు. మధ్య నడవ కాస్త వెడల్పు, కాస్త ఎత్తు. స్తంభాల తలల దగ్గర తేనెపట్టు గదుల్లా ఒకదాని మీద ఒకటి చెక్కిన చిన్న గూళ్ళు, ముకర్నాస్ అంటారట. మామూలుగా రాతిలో చెక్కే పనిని ఇక్కడ చెక్కలో చెక్కారు. వాటి మీదా దూలాల మీదా రంగుల పూలు, లతలు. ఆ రంగుల పనిని వాళ్ళు 'కలెమ్ ఇషి' అంటారు, కలం పని. మన కలంకారీలో ఉన్న కలమే! ఇది తెలిసినప్పుడు వ్యాన్లో అందరికీ చెప్పాను. ఎవరికీ పట్టలేదు.

ఆ వ్యాన్ గురించి చెప్పాలి. చెప్పకపోతే నా కడుపు మంట చల్లారదు. మేం ఎనిమిదిమందిమి. అందులో ఒకావిడకి పొద్దున్న లేచిన దగ్గర్నుంచి కార్పెట్ల ధ్యాస. డ్రైవర్ని పట్టుకుని, కొన్యాలో కార్పెట్ల దుకాణం ఎన్నింటికి మూసేస్తారు, ఇక్కణ్ణించి 90 కిలోమీటర్లు ఎంతసేపు పడుతుంది, మధ్యలో భోజనానికి ఆగకపోతే ఎంత కలిసొస్తుంది... లెక్కలే లెక్కలు. చివరికి మసీదుకి ఇరవై అయిదు నిమిషాలు అని తేల్చారు. ఏడొందల ఏళ్ళ కట్టడానికి ఇరవై అయిదు నిమిషాలు, టీకీ సరస్సుకీ కలిపి నలభై. మా ఆయన "సరిపోతుందిలే" అన్నారు. ఈయనకి ఏదైనా సరిపోతుంది. నేను స్తంభాల మధ్య తిరుగుతుంటే వెనక నుంచి చప్పట్లు కొట్టి పిలిచారు, స్కూలు పిల్లల్ని పిలిచినట్టు. పైగా ఆవిడ, "అన్నీ కర్ర స్తంభాలేగా, రెండు చూస్తే చాలు" అంది.

అసలు తమాషా ఇంటికొచ్చాక చదివితే తెలిసింది. ప్రపంచంలోని పురాతన కార్పెట్లలో కొన్ని దొరికిందే ఆ మసీదులో. 1930 ప్రాంతంలో రీఫ్‌స్టాల్ అనే పరిశోధకుడు అక్కడ నేల మీద పరిచి ఉన్నవాటిలో సెల్జుక్ కాలపు తరహా కార్పెట్ ముక్కల్ని గుర్తుపట్టాడు. తర్వాత అవి కొన్యా మ్యూజియానికి చేరాయి. అంటే ఆవిడ కార్పెట్ల కోసం కార్పెట్ల పుట్టిల్లు వదిలి పరిగెత్తింది. ఆ రోజే నాకీ సంగతి తెలిసుంటే ఆవిడ మొహం మీదే చెప్పేదాన్ని.

సరే, మంచు గుంట. మసీదు నడిబొడ్డున, సరిగ్గా మధ్యలో, నేలలో రాళ్ళతో కట్టిన ఓ గుంట. దాని పైన కప్పులో అంత మేర ఖాళీ. ఇప్పుడు ఆ పైన అద్దాలు బిగించారు కానీ, వెనకటికి అది ఆకాశానికి తెరిచే ఉండేది. కప్పు అప్పట్లో చదునుగా, మట్టితో ఉండేది. ఆ ఊళ్ళో చలికాలం మంచు బాగా పడుతుంది. కప్పు మీద పేరుకున్న మంచుని పారలతో ఆ కంతలోంచి లోపలి గుంటలోకి తోసేవారు. అది నెమ్మదిగా కరుగుతూ గాలికి తేమ ఇచ్చేదని, అందుకే స్తంభాలు ఎండి బీటలు వారలేదని అక్కడి వాళ్ళు చెబుతారు. స్తంభాల్ని నిలబెట్టే ముందు నెలల తరబడి సరస్సులో నానేశారని కూడా చెబుతారు. ఇది నేను వెంటనే నమ్మాను. మా తాతయ్య తాటి దూలాల్ని చెరువులో నానేయించడం నా కళ్ళతో చూశాను. వాటి మీద నిలబడి ఈత నేర్చుకున్నాం మేం. ఆ కంపు ఇప్పటికీ ముక్కులో ఉంది.

ఈ ముక్క రాత్రి అన్నాల దగ్గర అత్తయ్యకి చెప్పాను. గొప్పగా చెప్పాను, చేతులు తిప్పుతూ. కర్ర బతకడానికి మసీదు మధ్యలో మంచు దాచుకున్నారు అత్తయ్యా, మనం ఏసీ పెట్టి భోషాణాన్ని చంపాం అని. ఆవిడ మజ్జిగ కలుపుకుంటూ, "మా మిద్దెకీ గవాచి ఉండె గదా" అన్నారు.

నిజమే! అత్తయ్య పుట్టిల్లు మట్టి మిద్దె. దూలాలు, దంతెలు, పైన చవుడు మన్ను, మధ్యలో వెలుగుకి గవాచి. పెళ్ళైన కొత్తలో నేను వెళ్ళినప్పుడు దాని మీద రేకు కప్పేశారు. "వాన పడితే గవాచి కింద గంగాళం పెడ్తాంటిమి. గంగాళం కోసం గవాచి పెట్టుకుంటారా యాడన్నా?" అన్నారావిడ.

అప్పట్నుంచీ నా సిద్ధాంతం కుంటుతోంది. అంత పెద్ద లోగిలి, గోడలకి కిటికీలు ఉన్నా నడిమధ్యకి వెలుగు చేరదు. వెలుగు కోసం కప్పులో కంత పెట్టుంటారు. కంత పెడితే మంచు పడుతుంది. పడిన మంచు చాపల మీదకి పోకుండా గుంట తవ్వుంటారు. కప్పు మీద మంచు బరువు ఎలాగూ దించాలి కాబట్టి అందులోకే తోసుంటారు. కర్రకి మేలు జరిగితే జరిగి ఉండొచ్చు, తర్వాత ఎవరో పెద్దాయన చూసి "దీనివల్లే" అనుంటాడు. పైగా ఇప్పుడు అద్దాలు మూసేశాక మంచు లోపలికి పడట్లేదు. స్తంభాలు నిలబడే ఉన్నాయి. 2023లో యునెస్కో ఆ ప్రాంతపు కర్ర స్తంభాల మసీదులు అయిదింటిని కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది, అందులో ఇదొకటి. మిగతా నాలుగింటికి ఏ మంచు గుంట కథా నేను వినలేదు.

మరి కర్రని కాపాడింది ఏంటి? నాకైతే ఇప్పుడు ఆ మింబర్ గుర్తొస్తోంది. ఇమాం ఎక్కి ప్రసంగించే, అక్రోటు చెక్కతో చేసిన మెట్ల పీఠం. చిన్న చిన్న నక్షత్రాలు, బహుభుజులు విడివిడిగా కోసి, గాడి తీసిన పట్టీల మధ్య ఒకదాన్నొకటి పట్టుకునేలా అమర్చారు. కుండెకారి అంటారు ఆ పనిని. మేకు లేదు, జిగురు లేదు. ఎండకి కుదించుకుపోయినా, చలికాలం ఉబ్బినా ఏ ముక్కకా ముక్క తన గాడిలో కాస్త జరుగుతుంది కాబట్టి పగలదు. ఒకే వెడల్పాటి పలక అయితే పగిలేది, మా మూతలా. రెండంగుళాల మేకు దిగేసరికి జరగడానికి చోటెక్కడుంది దానికి? ఆదివారం వస్తే వడ్రంగికి ఫోన్లో ఆ మింబర్ ఫొటో చూపిస్తాను. అదీ ఉందనుకున్నాను కానీ మసగ్గా ఉంది. సగం ఫ్రేము ఆ కార్పెట్లావిడ భుజమే.

నిజం చెప్పాలంటే ఇరవై అయిదు నిమిషాల్లో పది నేను వాట్సాప్‌లోనే ఉన్నాను. పాలవాడికి రేపట్నుంచి పాలు వద్దని చెప్పారా లేదా అని. గుంట దగ్గర నిలబడి చేసిన పని అది. ఆవిణ్ణి ఇంత ఆడిపోసుకున్నాను కానీ, ఆ పది నిమిషాలు ఆవిడేం లాక్కోలేదు.

మంచు కథ నమ్మనని పైన ఇంత వాదించానా, పడుకునే ముందు ఏసీ ఇరవై ఏడుకి పెంచి, భోషాణం పక్కన పెద్ద ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పెట్టి వచ్చాను. ఆయన చూసి నవ్వి, ఏమీ అనకుండా దుప్పటి కాళ్ళ కిందకి తన్నేశారు. ఇందాక మంచినీళ్ళ కోసం లేచి తొంగి చూస్తే చెంబు సగానికి వచ్చింది. రెండు గంటల్లో కర్ర ఇన్ని నీళ్ళు లాగేసిందా అని నిజంగానే గుండె ఝల్లుమంది. వంటింట్లో లైటు వెలుగుతోంది. అత్తయ్య బీపీ మాత్ర మర్చిపోయి ఇప్పుడు వేసుకున్నారట. నీళ్ళకి అంత దూరం ఎందుకని ఆ చెంబులోవే తాగారట.