ఆపేయడమే నా ఉద్యోగం

పోయిన శుక్రవారం మధ్యాహ్నం ఒక సర్వర్‌ని ఆపేశాను. దాని పేరు "టెస్ట్-న్యూ-2-ఫైనల్". నాలుగేళ్లుగా రాత్రీ పగలూ నడుస్తూనే ఉంది. ఎందుకు పెట్టారో ఎవరికీ తెలీదు. ట్యాగుల్లో (సర్వర్‌కి తగిలించే చీటీల్లాంటివి) ఓనర్ అన్న చోట ఒక పేరుంది గానీ, ఆయన కంపెనీ మానేసి మూడేళ్లు దాటింది. ఆపేసి, గ్రూపులో ఒక మెసేజ్ పడేసి, ఎవరైనా అరుస్తారేమోనని చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం దాకా ఎవరూ అరవలేదు. అయినా డిలీట్ మాత్రం చెయ్యలేదు. ఒకసారి చేతులు కాలాయి కాబట్టి.

నేను ఈ పనిలోకి వచ్చింది 2009లో, సిస్టమ్ అడ్మిన్‌గా. అప్పుడు సర్వర్ అంటే చేత్తో మోసే వస్తువు. డేటా సెంటర్లో ఫ్యాన్ల హోరుకి పక్క మనిషి మాట వినపడేది కాదు, చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. ర్యాక్‌లో, అంటే సర్వర్లు పేర్చే ఇనుప చట్రంలో, సర్వర్ బిగించాలంటే ముందు దాని చదరపు కంతల్లో కేజ్ నట్లు ఎక్కించాలి. వాటికి రెండు పక్కలా స్ప్రింగు రెక్కలుంటాయి. ఒక రెక్క లోపలికి తోసి, రెండోదాన్ని బొటనవేలితో నొక్కిపట్టాలి. జారిందంటే గోరు పక్కన చర్మం లేచిపోతుంది. నా కుడి బొటనవేలి మీద ఆ గీత ఇప్పటికీ ఉంది.

ఒక కొత్త సర్వర్ కావాలంటే ఫారం, మేనేజర్ సంతకం, కొటేషన్లు, ఆమోదం అన్నీ అయ్యాక ఆరు వారాలకి అట్టపెట్టె దిగేది. ఈలోగా అడిగినవాళ్లలో కొందరు "ఇప్పుడు అక్కర్లేదులెండి, పాతదాంట్లోనే సర్దుకున్నాం" అనేవాళ్లు. ఆ ఆలస్యాన్ని అప్పట్లో తెగ తిట్టుకునేవాణ్ణి. అక్కర్లేని సర్వర్లు పుట్టకుండా ఆపింది ఆ ఆరు వారాలేనని తర్వాత గానీ తట్టలేదు.

అమెజాన్ వాళ్లు ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే ఎస్3ని, సర్వర్లు అద్దెకిచ్చే ఈసీ2ని బయటికి తెచ్చింది 2006లో. ఈసీ2 మొదటి ధర గంటకి 10 సెంట్లు. నేను దాన్ని మొదటిసారి ముట్టుకుంది మాత్రం 2011లో. లాంచ్ బటన్ నొక్కి, నీళ్ల సీసా నింపుకుని వచ్చేసరికి మెషీన్ లేచి కూర్చుంది. నమ్మబుద్ధి కాక లాగిన్ అయి డిస్క్ సైజు చూశాను, మెమరీ చూశాను. నిజంగానే ఉంది. ఆ రోజు ఇంకో నాలుగు లేపాను, ఏ పనీ లేకుండానే. అందులో రెండింటిని ఆపడం మర్చిపోయి ఇంటికి వెళ్లిపోయాను. నా క్లౌడ్ కెరీర్ అలా మొదలైంది!

తర్వాత కొన్నేళ్లు పెట్టడమే పని. మొదట నెట్‌వర్కులు, తర్వాత డేటాబేసులు, 2014 తర్వాత లాంబ్డాలు (మనం సర్వర్ పెట్టకుండానే కోడ్ నడిపేవి), కంటెయినర్లు (ప్రోగ్రామ్‌నీ దానికి కావాల్సినవాటినీ కలిపి కట్టిన మూటలు). అమెజాన్ క్లౌడ్ సర్టిఫికెట్ పరీక్షలూ రాశాను. ఆ సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది, మళ్లీ రాయాలి. చదివినంత సేపూ అన్నీ ఎలా పెట్టాలో నేర్చుకున్నాను. తీసేటప్పుడు ఎవరిని అడగాలో ఏ పరీక్షలోనూ రాలేదు.

ఆ రోజుల్లో చేసిన ఒక తప్పు ఇప్పటికీ వెంటాడుతుంటుంది. నెట్‌వర్క్ పెట్టేటప్పుడు అడ్రసుల రేంజ్ అడుగుతుంది కదా, ప్రతి ప్రాజెక్టుకీ 10.0.0.0/16 అనే కొట్టాను. వేటికవే విడిగా ఉన్నాయి, ఏం కాదులే అనుకున్నాను. రెండేళ్లకి ఆ ప్రాజెక్టులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాల్సి వచ్చింది. రేంజులు ఒకదాని మీద ఒకటి పడితే రెండు నెట్‌వర్కుల మధ్య పీరింగ్, అంటే నేరుగా కలపడం, కుదరదు. మొదట ఇచ్చిన రేంజ్ తర్వాత మార్చడానికి వీల్లేదు. ఊరంతా ఒకటే ఇంటి నంబరు పెట్టి, ఉత్తరాలు ఎందుకు అందట్లేదని పోస్ట్‌మాన్‌ని అడిగినట్టుంది నా పరిస్థితి. పక్కనే కొత్త నెట్‌వర్క్ కట్టి, ఒక్కో సర్వర్‌నీ తరలించడానికి ఎనిమిది నెలలు పట్టింది. అది చాలదన్నట్టు పొదుపుగా ఉంటుందని కొన్నిచోట్ల /28 సబ్‌నెట్లు (నెట్‌వర్క్‌లో చిన్న ముక్కలు) ఇచ్చాను. పదహారు అడ్రసులొస్తాయి సరే, ప్రతి సబ్‌నెట్‌లోనూ ఐదు అమెజాన్ తన దగ్గరే ఉంచుకుంటుంది. మిగిలేవి పదకొండు. పన్నెండో సర్వర్ అడిగిన రోజు నా మొహం చూడాలి మీరు.

ఇక చేతులు కాలిన సంగతి. 2018లో అప్పుడు నేనున్న కంపెనీలో బిల్లు తగ్గించమన్నారు. ఏ సర్వర్‌కీ తగిలించకుండా పడి ఉన్న డిస్కులు 61 దొరికాయి. అలాంటి డిస్కు పక్కన కన్సోల్‌లో (అన్నీ చూసుకునే పేజీలో) "అవైలబుల్" అని ఉంటుంది. చూడ్డానికి ఖాళీ కుర్చీలా కనిపిస్తుంది గానీ, లోపల డేటా అలాగే ఉంటుంది, అద్దె కూడా జీబీల లెక్కన పడుతూనే ఉంటుంది. రెండు వారాలు అందరికీ మెయిళ్లు పెట్టాను. ఎవరూ పలకలేదు. 61 డిస్కులూ తీసేశాను. ఆ నెల బిల్లు చూసి మేనేజర్ అందరి ముందూ మెచ్చుకున్నాడు.

సరిగ్గా ఇరవై ఏడో రోజు అకౌంట్స్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "ఏవండీ, మా డిస్క్ కనబడట్లేదు, మీరేమైనా చేశారా?" గొంతులో కోపం లేదు, నిజంగానే అడుగుతున్నారు. కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. వాళ్లు ఏడాదికోసారి, లెక్కలు ముగించేటప్పుడు ఒక సర్వర్ లేపి, ఆ డిస్క్ తగిలించి, రెండు రోజులు నడిపి మళ్లీ విప్పేస్తారట. మిగతా ఏడాదంతా అది "అవైలబుల్". నా మెయిల్ ఆవిడకి వెళ్లింది కూడా. అందులో ఉన్నది డిస్క్ ఐడీలు, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి పట్టిక. అది చూసి తన డిస్కని ఎవరు గుర్తుపడతారు? నేనైనా గుర్తుపట్టను.

బతికించింది పాత స్క్రిప్ట్. రోజూ రాత్రి డిస్కులకి స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి ఉన్న డేటా నకలు, తీసి ముప్పై రోజులు ఉంచి చెరిపేస్తుంది. ఇరవై ఏడు రోజులు పోగా ఆఖరి మూడే మిగిలాయి. మూడు రోజుల తర్వాత ఫోన్ చేసి ఉంటే ఈ పోస్ట్ ఇంకోలా ఉండేది.

స్నాప్‌షాట్ నుంచి డిస్క్ నిమిషంలో తయారైంది. హమ్మయ్య అనుకుని ఆవిడకి చెప్పేశాను కూడా. ప్రోగ్రామ్ మొదలుపెడితే కదలదు. స్నాప్‌షాట్ నుంచి లేపిన డిస్క్ పైకి నిండుగానే కనిపిస్తుంది, లోపలి బ్లాకులు మాత్రం మొదటిసారి తాకినప్పుడే ఒక్కొక్కటీ ఎస్3 నుంచి దిగుతాయి. 500 జీబీ డిస్క్. చేసేది లేక డీడీ కమాండ్‌తో మొదటి నుంచి చివరి దాకా చదివించడం మొదలుపెట్టాను, చదివింది చదివినట్టు పారేస్తూ. రాత్రి పదిన్నరకి మొదలుపెడితే అయ్యేసరికి నాలుగు దాటింది. స్క్రీన్ మీద అంకె పెరగడం చూస్తూ కూర్చోవడం తప్ప చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ర్యాక్‌లు మోసిన రోజుల్లో ఒక్కసారీ పడలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ముందు ఆపుతాను. ఆపితే మెషీన్ గంటల బిల్లు ఆగుతుంది, డిస్క్ బిల్లు నడుస్తుంది, డేటా ఉంటుంది. అరుపులు వినపడతాయేమోనని కనీసం నెల చూస్తాను. నెలాఖరు, మూడు నెలల ఆఖరు దాటనిస్తాను. లెక్కల జోలికి పోయేదైతే ఏడాది. ఆ తర్వాత స్నాప్‌షాట్ తీసి డిలీట్.

ఇప్పుడు నా రోజులో సగం బిల్లు చదవడమే. బిల్లులో ఊళ్లో కబుర్లన్నీ తెలుస్తాయి. వర్షనింగ్ (పాత కాపీలూ దాచి ఉంచడం) పెట్టిన ఎస్3 బకెట్లో ఫైళ్లు డిలీట్ చేశామని సంబరపడిన టీమ్ ఒకటుంది. చెరిగిందేమీ లేదు, పైన డిలీట్ మార్కర్ (చెరిగినట్టు చూపే గుర్తు) మాత్రం పడింది, పాత కాపీలన్నీ కింద అలాగే ఉన్నాయి. 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసు (ఇంటర్నెట్‌లో మెషీన్‌ని గుర్తించే నంబరు) ప్రతిదానికీ గంటకి అర సెంటు చొప్పున అమెజాన్ వసూలు చేస్తోంది. అర సెంటే కదా అనుకుని లెక్కపెట్టాం. 312 అడ్రసులు తేలాయి, నెలకి వెయ్యి డాలర్ల పైమాట. వాటిలో నిజంగా కావాల్సినవి నలభై.

ఈ పనికి చప్పట్లు ఉండవు. కొత్తది పెట్టినవాడికి డెమో ఉంటుంది, కేక్ ఉంటుంది. తీసేసినవాడికి, అంతా సవ్యంగా జరిగితే, ఏమీ ఉండదు. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు మొన్న అడిగాడు, "అన్నా, రెజ్యూమేలో దీన్ని ఏమని రాస్తారు?" కాస్ట్ ఆప్టిమైజేషన్ అని రాస్తామని చెప్పాను. వాడు పెద్దగా మురిసిపోలేదు.

ఇది రాస్తుండగానే మెసేజ్ వచ్చింది. "అన్నా, టెస్ట్ పేజీ రావట్లేదు, శుక్రవారం నుంచి." టెస్ట్-న్యూ-2-ఫైనల్! ఓనర్ నువ్వేనా అన్నాను. "కాదన్నా, నేను పొద్దున్నే చూస్తానంతే."

ఆన్ చేశాను. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ మెసేజ్: "ఇంకా రావట్లేదన్నా." తను దాచుకున్న బుక్‌మార్క్‌లో ఉన్నది పేరు కాదు, పబ్లిక్ ఐపీ నంబరు. ఆపి మళ్లీ లేపితే ఆ నంబరు మారిపోతుంది. కొత్త నంబరు పంపించాను. ఓనర్ ట్యాగ్‌లో అతని పేరు రాసేశాను. ఆ సంగతి ఇంకా చెప్పలేదు.