మాత్ర ఆపినా ఆగని జబ్బు

కొలెస్ట్రాల్ తగ్గడానికి అటోర్వాస్టాటిన్ వేసుకోవడం మొదలుపెట్టిన రెండేళ్ళకు నా తొడల్లో, భుజాల్లో బలం తగ్గింది. నొప్పి పెద్దగా లేదు. కింద కూర్చుంటే లేవలేకపోయేదాన్ని, జడ వేసుకోవడానికి చేతులు ఎత్తి ఉంచలేకపోయేదాన్ని. ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి స్వామి దర్శనానికి వెళ్ళేదాన్ని కనుక ఇది వయసు తెచ్చిన నీరసం కాదని నాకు తెలుసు. చిత్తూరులో మొదట చూసిన డాక్టరుగారు లివర్ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎంజైములు పెరిగాయని లివర్‌కు కొవ్వు పట్టిందన్నారు. ఆ ఎంజైములు కండరాల్లోనూ ఉంటాయని, కండరం దెబ్బతిన్నా రక్తంలో పెరుగుతాయని మాకెవరూ చెప్పలేదు. అయితే మాత్ర ఆపించింది ఆయనే, ఆ మేలు మరచిపోను.

మాత్ర ఆపినా బలహీనత పెరుగుతూనే పోయింది. కొన్ని వారాల తరువాత మళ్ళీ వెళితే, ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండానే, "మాత్ర ఆపి ఇన్నాళ్ళయింది కదమ్మా, ఇంకా దాని మీదే నెపం పెడితే ఎట్లా? ఇంట్లో ఊరికే కూర్చోకుండా నడవండి" అన్నారు. ఆ మాటను ఇంట్లోవాళ్ళు కూడా నమ్మారు. మావారు తెల్లవారుజామునే లేపి, నేను ఏడుస్తున్నా వినకుండా నడిపించేవారు.

ఒక రాత్రి మంచినీళ్ళు గొంతు దిగకుండా ముక్కులోకి వచ్చాయి. ఊపిరాడక మంచం మీదికి ఒరిగిపోయాను. తల ఎత్తుదామంటే మెడ లేవలేదు, దగ్గడానికి కూడా బలం చాలలేదు. పక్క గదిలో ఉన్న కోడలిని పిలవడానికి గొంతు పెగలక, చేతికందిన చెంబును కిందికి తోశాను. ఆ చప్పుడుకు పరుగెత్తుకొచ్చి, "ఏమైందత్తా, ఏమైంది?" అంటూ నన్ను పక్కకు తిప్పి, వీపు నిమిరి, తెల్లవారేదాకా తన భుజానికి ఆనించుకుని కూర్చుంది. నిద్రపోతే ఊపిరి ఆగుతుందేమోనన్న భయంతో నేను కళ్ళు మూయకుండా కాణిపాకం వినాయకుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాను. ఆ రాత్రి నన్ను కాపాడింది ఆ స్వామీ, నా కోడలూ అని నా నమ్మకం.

ఉదయమే వెల్లూరు తీసుకువెళ్ళారు. అక్కడి న్యూరాలజిస్టు చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమన్నారు, నేను లేవలేకపోయాను. కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమును కొలిచే సీకే పరీక్షలో సుమారు 200 లోపు ఉండవలసిన సంఖ్య 10,000 దాటింది. కండరం ముక్క తీసి చూసే బయాప్సీతో, రక్తంలో యాంటీబాడీల (రోగాలతో పోరాడటానికి శరీరం తయారుచేసుకునే పదార్థాల) పరీక్షతో జబ్బు ఖాయమైంది. అటోర్వాస్టాటిన్ లాంటి స్టాటిన్ మందులు అడ్డుకునే, కొలెస్ట్రాల్ తయారీకి కావలసిన హెచ్ఎంజీ కోఏ రిడక్టేజ్ అనే ఎంజైము మీదే కొందరి శరీరం యాంటీబాడీలను తయారుచేస్తుందని, దెబ్బతిన్న కండరం కోలుకునే ప్రయత్నంలో అదే ఎంజైమును ఎక్కువగా తయారుచేస్తుంది కనుక మాత్ర ఆపినా కండరం మీద దాడి సాగుతుందని భావిస్తున్నారని ఆమె ఓపికగా వివరించారు. స్టాటిన్ వాడే లక్షమందిలో ఇద్దరు ముగ్గురికి వచ్చే జబ్బు కావచ్చు, కానీ ఈ యాంటీబాడీని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2010, 2011 నాటికే గుర్తించారని తెలిసినప్పుడు నాకు కలిగిన కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు.

ఆ దాడిని అణచడానికి స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్, దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నరంలోకి ఎక్కించే ఐవీఐజీ ఇచ్చారు. షుగరు పెరిగింది, ముఖం ఉబ్బింది, నెలల మీద బలం తిరిగి వచ్చింది. ఐవీఐజీ ఖర్చు కోసం మావారు మామిడితోట కుదువపెట్టారు, ఆ నడకల సంగతి నేను మళ్ళీ ఎత్తలేదు.

దయచేసి ఇది చదివి ఎవరూ తమంతట తాము స్టాటిన్ మానవద్దు. గుండెకు స్టెంటు వేయించుకున్న మావారికి రోసువాస్టాటిన్ రోజూ నేనే అందిస్తాను. మాత్ర ఆపాక కూడా కాళ్ళు, భుజాలు బలహీనపడుతూ ఉంటే మాత్రం సీకే పరీక్ష చేయించమని పట్టుబట్టండి. నాలాంటివారు సహజమైనదని చెప్పి అమ్మే రెడ్ ఈస్ట్ రైస్ కూడా వాడకూడదు, అందులో ఉండే మొనకోలిన్-కె అన్నది లోవాస్టాటిన్ అనే స్టాటినే. నా కొలెస్ట్రాల్‌కు ఇప్పుడు స్టాటిన్ కాని ఎజెటిమైబ్ అనే మందు ఇస్తున్నారు.

పోయిన నెలలో నా రిపోర్టుల నకళ్ళన్నీ ఆ మొదటి డాక్టరుగారి టేబుల్ మీద పెట్టి, ఈ జబ్బు గురించి చదవమని, ఇంకొకరితో ఆ మాట అనవద్దని చెప్పి వచ్చాను.