రంజన్ చల్లబడని ఊరు

పోయిన మే నెలలో ఒక ఆదివారం, ములుగు నుంచి తిరిగొస్తూ ఆత్మకూరు దగ్గర సైకిల్ పక్కకు వాల్చి వేపచెట్టు కింద కూలబడ్డాను. ఎండ 42 డిగ్రీలుంది. నాకేమో చలి పుడుతోంది. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, తల దిమ్ముగా ఉంది, కడుపులో తిప్పుతోంది. పొద్దుటి నుంచి నాలుగు లీటర్ల నీళ్లు తాగాను, అయినా ఇలా ఎందుకవుతోందో అర్థం కాలేదు. ఎదురింటి పెద్దమ్మ బిందెడు నీళ్లు తెచ్చి తల మీద కుమ్మరించింది. "గింత ఎండల ఎటు పోయినవ్ బిడ్డా? ఉత్త నీళ్లు తాగితె ఏమొస్తది, గంజి తాగు" అని చెంబులో ఉప్పేసిన గంజి ఇచ్చింది. గంట తర్వాత లేవగలిగాను. మా ఆయన కారు తెచ్చి తీసుకెళ్లాడు.

మాది హన్మకొండ. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. వయసు 43. నవంబరులో గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 అనే పోటీకి అప్పటికే పేరిచ్చాను. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, ఆపైన 90 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 21.1 కిలోమీటర్ల పరుగు, అంతా ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. 2019 నుంచి గోవాలో జరుగుతోంది. అందరూ ఎండ గురించి భయపెడుతుంటే నాకు లోలోపల ధైర్యంగా ఉండేది. రామగుండంలో పుట్టి, ఓరుగల్లులో పెరిగినదాన్ని, మాకు ఎండ కొత్తా అనుకున్నాను. ఆ ఆదివారం నాకు మొదటి పాఠం చెప్పింది. ఎండలో పుట్టడం వేరు, ఎండలో నాలుగు గంటలు కండరాలతో పని చేయించడం వేరు.

అప్పుడు జరిగిన పొరపాటు ఉప్పుది. చెమటతో పోయేది నీళ్లొక్కటే కాదు. ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ పోసుకుంటే రక్తంలో సోడియం పలచబడుతుంది. వాంతి, తలనొప్పి, అయోమయం వస్తాయి, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. మర్నాటి నుంచి తూకం మొదలుపెట్టాను. పరుగుకు ముందు ఒంటి మీద తడి లేకుండా బరువు చూసుకోవడం, గంట పరుగెత్తి తుడుచుకుని మళ్లీ చూసుకోవడం, మధ్యలో తాగిన నీళ్లను కలుపుకోవడం. ఒక కిలో తగ్గిందంటే లీటరు చెమట పోయినట్టు. నాకు గంటకు 1.1 లీటర్లు తేలింది. ఆ లెక్కతో సీసాల్లో ఓఆర్‌ఎస్ కలుపుకున్నాను. లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండే ఆ పొట్లం మెడికల్ షాపులో దొరికేదే, రంగుల డబ్బాల్లో వచ్చే పొడుల కంటే నా కడుపుకు అదే పడింది. తిండికి ఖర్జూరాలు, ఉప్పు చల్లిన ఉడకబెట్టిన ఆలుగడ్డ. పొద్దున్నే అమ్మ చేసే జొన్న అంబలి ఉండనే ఉంది.

జూన్ అంతా బాగా సాగింది. మల్లంపల్లి మీదుగా గట్టమ్మ గుడి దాకా పోయి, దండం పెట్టుకుని తిరిగొచ్చేదాన్ని. వానలు ముదిరాక కటాక్షపూర్ చెరువు మత్తడి పోసి నీళ్లు రోడ్డెక్కినప్పుడు ఆ దారి మానేసి స్టేడియంలో పరుగు మీద పడ్డాను.

అసలు సంగతి నాకు తెలిసింది అక్కడే. ఆగస్టులో ఒకరోజు పొద్దున ఆరింటికి, 27 డిగ్రీలు, సన్న తుంపర ఆగి మబ్బు పట్టి ఉంది. పరుగుకు ఇంతకంటే మంచి వాతావరణం ఉండదనుకుని బయల్దేరాను. పది కిలోమీటర్లకే గుండె నిమిషానికి 170 కొడుతోంది. మేలో 36 డిగ్రీల్లో అదే వేగానికి 155 ఉండేది. బట్టలు పిండితే నీళ్లు కారుతున్నాయి, ఒళ్లు మాత్రం కాలుతోంది. జ్వరమేమో అనుకుని ఇంటికొచ్చి కూలర్ ముందు కూర్చున్నాను. గాలి వస్తోంది గానీ ఒళ్లంతా జిగట. "వానకాలంల కూలర్ ఎందుకే, చల్లగ రాదు గదా" అంది అమ్మ వంటింట్లోంచి.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్న పాఠం నాకప్పుడు ఒంటికి తగిలింది. వేసవిలో రంజన్‌లో, అంటే మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఎందుకు? మట్టి గోడల్లోంచి ఊరిన తడి ఇగిరిపోతూ వేడిని తీసుకుపోతుంది కాబట్టి. చెమట పనీ అదే, ఒక గ్రాము ఇగిరితే దాదాపు 580 కేలరీల వేడి ఒంటిని వదిలిపోతుంది. ఇగరకుండా కారి కింద పడ్డ చెమట ఒక్క కేలరీ కూడా తీసుకుపోదు. గాలి తేమతో నిండిపోతే రంజన్ చల్లబడదు, కూలర్ పనిచేయదు, మనిషీ అంతే. మన మే నెలలో 40 డిగ్రీలకు తేమ 20 శాతం ఉంటే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 23 దగ్గర నిలుస్తుంది. కోస్తాలో 31 డిగ్రీలే ఉన్నా తేమ 75 శాతమైతే అదే థర్మామీటరు 27 దాటుతుంది. పరుగెత్తేవాళ్లకు ఆ తడిగుడ్డ లెక్కే ముఖ్యం. నేను గర్వంగా చెప్పుకున్న ఓరుగల్లు ఎండ, నేను పోబోయే ఊరి ఎండ ఒకటి కాదు. ఎండలో తయారైతే చాలదు, ఉక్కపోతకు తయారవాలి.

ఈతకు వేరే బాధ. ఈత నేర్చుకున్నదే 39 ఏళ్లకు, హన్మకొండలో పూల్‌లో. అక్కడ అడుగున నీలం గీత కనిపిస్తుంది, సముద్రంలో గీత ఎవరు గీస్తారు? నర్సంపేట అవతల మా అమ్మమ్మ ఊళ్లో చెరువుంది. అక్కడ చేపలు పట్టే మామను బతిమాలి, ఆయన థర్మాకోల్ తెప్ప మీద పక్కనే వస్తుంటే, నడుముకు గాలిబుడ్డ కట్టుకుని ఈదాను. కట్ట మీది మైసమ్మ గుడికి సున్నం వేసి తెల్లగా ఉంటుంది, అదే నాకు గురి. ఎనిమిది బారలకోసారి మొసలిలా కళ్లు మాత్రం పైకి తేల్చి గుడిని చూసి మళ్లీ తల ముంచాలి. మొదటి రోజు గుడి అనుకుని ఈదుతూ తుమ్మచెట్ల వైపు పోయాను. ఆరు వారాలు పట్టింది తిన్నగా పోవడానికి. ఒక మాట గట్టిగా చెప్పాలి: తోడు లేకుండా చెరువులో దిగొద్దు, కాలువలో, వాగులో అసలే దిగొద్దు. కాలువ ప్రవాహం పైకి నెమ్మదిగా కనిపిస్తుంది, సిమెంటు గట్టు నాచు పట్టి ఉంటుంది, ఎంత ఈత వచ్చినా పట్టు దొరకదు. ఏటా మన పిల్లలు ఎంతమంది అట్లా పోతున్నారో చూస్తూనే ఉన్నాం.

మామ నన్నెప్పుడూ ఒకటే అడిగేవాడు. "సముద్రం నిజంగనె ఉప్పగుంటదా బిడ్డా? గంత నీళ్లకు ఉప్పు ఏడికెల్లొచ్చింది?"

అక్టోబరులో మన దగ్గర తెల్లవారుజామున చలి మొదలవుతుంది. అంటే, ఉక్కపోతను ఇంట్లోనే తయారుచేసుకోవాలి. వెనక గదిలో కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, సైకిల్‌ను ఉన్నచోటే తొక్కడానికి వాడే ట్రైనర్ స్టాండుకు బిగించి, పక్కన బకెట్లో హీటరు పెట్టి నీళ్లు మరిగించాం. మరిగాక స్విచ్ ఆపి ప్లగ్గు పీకి గానీ నేను సైకిల్ ఎక్కేదాన్ని కాదు. గోడకు తేమ చూపించే చిన్న మీటరు తగిలించాం. 33 డిగ్రీలు, 80 శాతం. వరసగా 12 రోజులు, రోజూ గంటా పావు. డాక్టరమ్మ గుండె పరీక్ష చేయించి, రక్తం తక్కువుందని రెండు నెలల ముందే ఐరన్ మాత్రలు ఇచ్చింది కాబట్టి ఆ ధైర్యం ఉంది. మా ఆయన గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చలి పుట్టినా, తలనొప్పి వచ్చినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా వెంటనే దింపేయాలని మా ఒప్పందం. మూడో రోజు నేనే ఏడ్చి దిగిపోయాను. పదకొండో రోజుకు అదే బిగువులో గుండె వేగం 158 నుంచి 146కు దిగింది. చెమట తొందరగా మొదలయ్యేది, నల్ల బనీను మీద ఆరాక మిగిలే తెల్లటి ఉప్పు చారలు పలచబడ్డాయి. ఒంట్లో రక్తపు నీరు పెరుగుతుంది, చెమటగ్రంథులు ఉప్పును వెనక్కి లాక్కోవడం నేర్చుకుంటాయి. మళ్లీ తూకం వేస్తే గంటకు 1.4 లీటర్లు. ఈ అలవాటు రెండు మూడు వారాల్లో పోతుంది, అందుకే ముందెప్పుడో కాకుండా ప్రయాణానికి మూడు రోజుల ముందు దాకా చేశాను.

పోటీ ఆదివారం. బుధవారానికే కార్లో పణజి చేరాం. అలా ముందుగా వెళ్లడం మంచిదైంది. ఈత జరిగే మిరామార్ బీచ్ మాండవి నది సముద్రంలో కలిసే చోట ఉంది. పడమటి తీరం కదా, సూర్యుడు ఊరి వెనక నుంచి లేస్తాడు. ఒడ్డుకు తిరిగి ఈదేటప్పుడు ఎండ నేరుగా కళ్లలో కొడుతుందని గురువారం పొద్దున నీళ్లలో దిగాకే తెలిసింది. తెల్లద్దాల గాగుల్స్ పక్కన పెట్టి నల్లవి కొన్నాను. గుడిలాంటి గురి కోసం వెతికితే తీరం వెనక ఒక ఎత్తైన భవనం దొరికింది. ఉప్పునీళ్లు గొంతులోకి పోయి మొదట్లో డోకొచ్చింది, అయితే ఆ ఉప్పే మనిషిని తేలుస్తుంది, చెరువు కంటే కాళ్లు పైన నిలుస్తాయి. మెడకు, చంకలకు వాజలీన్ రాసుకోకపోతే తోలు ఊడుతుందని కూడా ఆ రోజే తెలిసింది. శుక్రవారం పరుగు దారంతా నడిచాను, ఎక్కడ నీడ ఉందో, ఎక్కడ లేదో గుర్తుపెట్టుకుంటూ.

ఈత 52 నిమిషాల్లో అయింది. సైకిల్ గురించి చెప్పేదేం లేదు, గట్టమ్మ దారి నన్ను కాపాడింది.

పరుగుకు దిగేసరికి మధ్యాహ్నం కావస్తోంది. తొలి మైలులోనే ఆగస్టు నాటి స్టేడియం గుర్తొచ్చింది. చెమట కారుతోంది, ఇగరట్లేదు. దీనికి ముందే ఒక లెక్క వేసుకున్నాను. గాలికి తేమ పట్టినా మంచుకు దానితో పనిలేదు, గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు కావాలి, అది తాకినచోటే లాక్కుంటుంది. నీళ్లిచ్చే ప్రతి చోటా నడక. గుప్పెడు మంచు టోపీలో, గుప్పెడు మెడ వెనక బట్టలో, రెండు ముక్కలు అరచేతుల్లో. గుండె 155 దాటితే మళ్లీ నడక. నన్ను దాటిపోయినవాళ్లు చాలామంది. పదిహేనో కిలోమీటరు దగ్గర చేతులు చూసుకున్నాను, వెంట్రుకలు మామూలుగానే ఉన్నాయి. ఆత్మకూరు పెద్దమ్మ గుర్తొచ్చి, నడుస్తూనే ఏడ్చాను. 7 గంటల 51 నిమిషాలకు గీత దాటాను. గదికి పోయి తూకం వేసుకుంటే పొద్దుటి కంటే కిలో నూరు గ్రాములే తక్కువ.

వచ్చిన మరుసటి ఆదివారం అమ్మమ్మ ఊరికి పోయాను. లీటరు సీసాలో పట్టి తెచ్చిన మిరామార్ నీళ్లు మామ చేతికిచ్చాను. మూత తీసి వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. కాసేపేమీ అనలేదు. మళ్లీ ఇంకోసారి ముంచి చూశాడు.

"దీంట్లనా బిడ్డా, నువ్వు ఈదింది?" అన్నాడు.