పాముకాటు వ్యాసం లంబాడీలోకి ఎట్లా వెళ్లింది: నా అనుభవం

హనుమకొండ నుంచి మేం కొద్దిమందిమి ఒక వెబ్‌సైట్ నడుపుతున్నాం. పాముకాటు, వడదెబ్బ, పురుగుమందు కొట్టేటప్పటి జాగ్రత్తల మీద తెలుగులో వ్యాసాలు పెడతాం. పత్తి చేలలో పొద్దంతా వంగి పనిచేసేవాళ్లకే అవి ఎక్కువ అవసరం. నర్సంపేట, మహబూబాబాద్ తండాల్లో ఇంటి మాట లంబాడీ. ఉట్నూర్, ఆసిఫాబాద్ గూడేల్లో గోండీ, కొలామీ. అందుకే జీతం లేకుండా అనువాదం చేసిపెట్టేవాళ్ల కోసం వెతుకులాట మొదలుపెట్టాం.

కాలేజీల్లో కాగితాలు అతికిస్తే పేర్లు బాగానే వచ్చాయి, పని దగ్గరికి వచ్చేసరికి పలచబడ్డాయి. వాళ్లను తప్పుపట్టను. పరీక్షలుంటాయి, వానాకాలం చేను పనులుంటాయి. పైగా ఎంత పనో తెలియకుండా ఎవరు ఒప్పుకుంటారు? మనిషిని కలిసి, ఒక్క పేజీ చేతిలో పెట్టి, "ఇది మీవాళ్లకు కావాలి" అని అడగడం మొదలుపెట్టాకే పని కదిలింది.

కాకతీయ యూనివర్సిటీలో చదివే ఒక తండా అమ్మాయికి పాముకాటు వ్యాసం ఇచ్చాను. అక్కడే నిలబడి చదివి, "మా నాయిన గూడ తాడుతోని గట్టిగ కడతడు సార్. నేను రాస్త" అన్నది. లంబాడీకి సొంత లిపి వాడుకలో లేదు కాబట్టి తెలుగు అక్షరాల్లోనే రాసింది.

రాసింది వాళ్ల నాయనమ్మకు చదివి వినిపించమన్నాను. ఆమెకు చదువు రాదు. అంతా విన్నాక "ఇప్పుడు ఏం చేస్తవ్?" అని మనవరాలు అడిగితే, కాలు కదలకుండా పెట్టి దవాఖానకు తీసుకపోవాలని సరిగ్గానే చెప్పింది. కానీ పైన గట్టిగా కట్టాలని కూడా చెప్పింది! మా వాక్యం అంత పొడుగ్గా ఉంది, 'వద్దు' అనేది చిట్టచివర వచ్చేది. దాన్ని ముక్కలు చేశాం: కట్టొద్దు. కొయ్యొద్దు. నోటితో పీల్చొద్దు. తెలుగు వ్యాసాన్నీ అట్లాగే మార్చాం. విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒక్కటే కాబట్టి, పామును వెతుక్కుంటూ ఆలస్యం చేయొద్దన్న మాటను పైకి తెచ్చాం. అప్పటి నుంచి ఏ అనువాదమైనా చదువురాని ఒక పెద్దమనిషికి వినిపించి, తిరిగి చెప్పించుకున్నాకే పెడుతున్నాం.

గోండీకి ఉట్నూర్ వైపు ఒక టీచర్ ముందుకొచ్చారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో, అంటే ఫోన్లు, కంప్యూటర్లు అక్షరాలను చూపించడానికి వాడే పద్ధతిలో, చేరింది. శీర్షిక ఆ లిపిలో ఉండాలని ఆయన పట్టుబట్టారు. కొన్ని ఫోన్లలో ఆ అక్షరాలకు బదులు డబ్బాలు కనపడ్డాయి. దాంతో శీర్షికను బొమ్మగా పెట్టి, వ్యాసం తెలుగు లిపిలో ఇచ్చాం. ఆ శీర్షిక చూసి గూడెం పిల్లలు సంబరపడ్డారని ఆయన ఫోన్ చేస్తే నాకు కడుపు నిండింది.

అనువదించినవాళ్ల పేరు వ్యాసం పైనే వేస్తాం. పత్తి ఏరే రోజుల్లో, పరీక్షల ముందు ఎవరినీ తొందరపెట్టం. పంపింది వెంటనే చదివి జవాబిస్తాం. ఇది చాలా ముఖ్యం, జవాబు రాకపోతే మనిషి మళ్లీ రాడు.

కొలామీకి ఇంకా ఎవరూ దొరకలేదు. మీ ఎరుకలో ఆ భాష మాట్లాడేవాళ్లుంటే చెప్పండి. వడదెబ్బ వ్యాసం ఒక్క పేజీయే, ఎండలు ముదరకముందే అది గూడేలకు చేరాలి.