ఈగ లేని ఈగల ప్రాజెక్టు

నా ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు సెట్సీ ఈగను తరిమే రసాయనాల మీద. అది సహారా ఎడారికి దిగువన ఉండే ఆఫ్రికా ఈగ. మనుషులకు అతినిద్ర వ్యాధి, పశువులకు నగానా అనే జబ్బు అంటించేది అదే. హైదరాబాద్‌లో కాదు కదా, మన దేశంలోనే లేదు. నేను దాన్ని ఇప్పటికీ బొమ్మల్లో తప్ప చూడలేదు.

"ఈగ లేకుండా ఈగ మీద ప్రాజెక్టు ఏంటి మేడమ్?" అని మొదటి రోజే అడిగాను.

"నువ్వు కెమిస్ట్రీయా, జువాలజీయా?" అని మా గైడ్ బోర్డు దగ్గరికి వెళ్ళి ఒక బొమ్మ గీశారు. 4-మిథైల్‌ఫినాల్. పశువుల మూత్రంలో ఉంటుంది. ఆ వాసన తగిలితే ఈగ ఎదురుగాలిలో ఎగురుకుంటూ వచ్చేస్తుంది. ఆఫ్రికాలో ట్రాపుల్లో ఎరగా పెట్టేవాటిలో ఇదొకటి. అదే బొమ్మలో ఓహెచ్ పక్కన ఒక మీథాక్సీ (ఆక్సిజన్‌కి అతికిన మిథైల్ ముక్క) తగిలించి, "ఇప్పుడు వెనక్కి పోతుంది" అన్నారు. పెరిగింది ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు. అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి గానీ, ప్రాజెక్టు మార్చమని మాత్రం మళ్ళీ అడగలేదు.

అసలు కథ వాటర్‌బక్ అనే జింకతో మొదలైంది. అది ఈగల మధ్యే తిరుగుతుంది, కానీ ఈగలు దాని జోలికి పెద్దగా పోవు. నైరోబీలో కీటకాల మీద పరిశోధన చేసే ఇసిపే సంస్థ వాళ్ళు దాని ఒంటి వాసనను విడదీసి చూస్తే గ్వాయకాల్, జెరానైల్ అసిటోన్, డెల్టా ఆక్టాలాక్టోన్, ఇంకా కొన్ని ఆమ్లాలు దొరికాయి. గ్వాయకాల్ అంటే మేడమ్ గీసిన రెండో బొమ్మే, 4వ స్థానంలో మిథైల్ లేకుండా. 2007లో సైనీ, హసనాలీ అనే శాస్త్రవేత్తలు ఆ 4వ స్థానంలో మిథైల్ పెట్టి చూస్తే ఈగ మరింత గట్టిగా తప్పుకుంది. అంటే ఒంటరిగా ఉన్నప్పుడు ఎరగా పనిచేసే ముక్కే మీథాక్సీ తోడైతే తరిమేవాడి బలం పెంచుతోంది. ఈ తర్కం నాకు కాగితం మీద ఎన్నిసార్లు చూసినా అందలేదు. అది ఈగ మీసాలకే తెలియాలి.

నా పని ఆ 4-మిథైల్‌గ్వాయకాల్‌ను తయారుచేయడం, తర్వాత అది గాలిలోకి ఎంత వేగంగా పోతుందో కొలవడం.

తయారీకి వెనిలిన్‌తో మొదలుపెట్టాం. ఐస్‌క్రీముల్లో వేసేదే. దాని 4వ స్థానంలో ఉన్న ఆల్డిహైడ్‌ను మిథైల్‌గా మార్చాలి. పాత పద్ధతిలో జింక్, పాదరసం కలిపి చేస్తారు. మేడమ్ పాదరసం అనగానే చెయ్యి అడ్డం పెట్టారు. సరే, పల్లాడియం, బెలూన్‌లో హైడ్రోజన్. మూడు వారాలు అక్కడే ఇరుక్కుపోయాను. ఎన్‌ఎంఆర్‌లో, అంటే అణువులో ఏ ముక్కలున్నాయో చూపించే పరీక్షలో, 9.8 దగ్గర ఆల్డిహైడ్ పీక్ పోయేది, నేను సంబరపడేదాన్ని, తీరా చూస్తే 4.6 దగ్గర ఒకటి కూర్చుని ఉండేది. వెనిలిల్ ఆల్కహాల్. సగం దారిలో ఆగిపోవడం అన్నమాట. ఒక సీనియర్ అక్క "కొంచెం యాసిడ్ వేసి చూడవే" అంది. వేశాను. 2.3 దగ్గర మిథైల్ పీక్ లేచింది. ఆ స్పెక్ట్రమ్‌కి ఫొటో తీసి అమ్మకు పంపితే "ఈసీజీనా?" అని కంగారుపడి ఫోన్ చేసింది.

జింక వాసనలో దొరికిన ఆక్టాలాక్టోన్ లాంటి లాక్టోన్లు కూడా చేద్దామనుకున్నాం. ఆక్టాలాక్టోన్ తోకకు ఒక కార్బన్ పెంచి నోనాలాక్టోన్ చేస్తే అది ఈగను ఇంకా ఎక్కువ తరుముతుందని చదివాం. టైమ్ సరిపోక వదిలేశాం.

కొలత భాగం మొత్తం తార్నాకలో మా అద్దె గది మేడ మీద జరిగింది. గ్వాయకాల్, నేను చేసిన మిథైల్‌ది, యూజినాల్. మూడూ ఒకే కుటుంబం. యూజినాల్ అంటే లవంగం వాసన, బిర్యానీ తిన్న ఎవరికైనా పరిచయమే. దానికి 4వ స్థానంలో మిథైల్ బదులు ఆలైల్ ఉంటుంది. మూడింటినీ ఒకే మూతి వెడల్పు ఉన్న గాజు సీసాల్లో పోసి, వాటర్ ట్యాంక్ నీడలో పెట్టి, రోజూ పొద్దున డిపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్ళి తూచేదాన్ని. జనవరిలో గ్వాయకాల్ బాటిల్‌లో తెల్లటి స్ఫటికాలు ఉండేవి, గరిటెతో తవ్వాల్సి వచ్చేది. ఏప్రిల్‌కి నీళ్ళలా అయిపోయింది. ముప్ఫై డిగ్రీల దగ్గర కరుగుతుంది కదా, హైదరాబాద్ ఎండకు అదెంత.

వాసన సంగతి ముందుగా ఊహించలేదు. పొగ వాసన, అందులో ఏదో మందు వాసన. మేడ మీద వడియాలు ఎండబెట్టే ఓనర్ ఆంటీ రెండో రోజే పట్టేసింది.

"ఏందమ్మా, దవాఖాన వాసనొస్తుంది? ఎవరికన్నా బాగలేదా?"

విషయం చెప్పాను. శ్రద్ధగానే వింది. "మరి దోమలకు పనిచేస్తదా?"

"ఇది ఆఫ్రికా ఈగకు ఆంటీ."

"ఆఫ్రికా ఈగకు తార్నాకల ఎందుకు చేస్తున్నవ్?" సీసాలు ట్యాంక్ అవతలి వైపుకి మారాయి. వడియాల జోలికి రాకూడదని షరతు.

అకాల వర్షం ఒకటి మూడు రోజుల లెక్కలు తుడిచేసింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. తుది ఫలితం మాత్రం అనుకున్నట్టే వచ్చింది. గ్వాయకాల్ 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మిథైల్‌ది 221, యూజినాల్ 254. సీసాల్లో తగ్గుదల కూడా అదే వరుస. ఇందులో కొత్తేముంది అనిపించి నీరసపడ్డాను. మేడమ్ మాత్రం "ఇదే కావాలి" అన్నారు. అణువును మార్చినప్పుడు ఈగ ప్రవర్తన మారితే, ఎక్కువ ఆవిరి అందడం వల్ల మారిందా, మీసాల్లోని గ్రాహకానికి బాగా అతకడం వల్ల మారిందా తేల్చాలి. మిథైల్‌ది తక్కువగా ఆవిరవుతూ కూడా ఎక్కువ తరుముతోందంటే, కారణం ఆవిరి కాదు.

వైవాకి బయటి నుంచి వచ్చిన సార్ ఇరవై నిమిషాలు సింథసిస్ వదిలేసి ఈగల మీదే పడ్డారు.

"ట్రాప్‌లో ఈగలు తగ్గాయి. తరిమింది అంటావా? ఎర వాసనను కప్పేసి ఉండొచ్చు కదా?"

ఎద్దు పక్కన ఈ రసాయనం పెట్టి, చుట్టూ కరెంటు వలలు కట్టి, వచ్చినవెన్ని, రక్తం తాగినవెన్ని అని లెక్కపెడతారని చెప్పాను.

"ఎద్దు కూడా ఎరే కదమ్మా."

చెమటలు. పక్కన మేడమ్ కిటికీలోంచి చూస్తున్నారు, కావాలనే. అప్పుడు గుర్తొచ్చింది. గొట్టంలాంటి గదిలో ఈగను వదిలి, ఒకవైపు ఉత్త గాలి, ఇంకోవైపు ఈ రసాయనం ఒక్కటే పంపితే? ఎర అన్నదే లేదు కాబట్టి కప్పేయడానికీ ఏమీ లేదు. అయినా ఈగ ఉత్త గాలి వైపే పోతే దాన్ని తరమడమే అనాలి. చెప్పాను, కాస్త తడబడుతూనే. సార్ ఏదో రాసుకుని, కెన్యాలో ఆవుల మెడకు కట్టిన పట్టీల గురించి అడిగారు. అది బాగా చదివాను. వాటర్‌బక్ వాసన నింపిన పట్టీలు కట్టిన మందల్లో జబ్బు 80 శాతానికి పైగా తగ్గిందని 2017లో వచ్చింది. ఆవుకు జింక వాసన అరువిచ్చారన్నమాట.

సంతకాలయ్యాక మిగిలిన మిథైల్‌గ్వాయకాల్‌కి లేబుల్ రాసి ఫ్రిజ్‌లో పెట్టమన్నారు మేడమ్, వచ్చే బ్యాచ్‌కి పనికొస్తుందని. మర్నాడు నో డ్యూస్ కోసం వెళ్ళి తలుపు తీసి చూస్తే సీసాలో గడ్డకట్టి ఉంది.