పసుపు వైరు, ఎర్ర వైరు

కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా. అందుకే ముక్కనుమ పొద్దున్నే పలమనేరు నుంచి బెంగళూరుకు బయల్దేరదామని రాత్రే సామానంతా సర్దిపెట్టాను. అమ్మ కట్టిచ్చిన అరిసెలు, నిప్పట్లు డిక్కీలోకి ఎక్కాయి. చిన్నోడు వెనక సీట్లో కూర్చున్నాడు. తాళం తిప్పాను. మీటర్లో దీపాలు మసకగా వెలిగి, ముందు నుంచి టిక్ టిక్‌మని చప్పుడు వచ్చింది. అంతే, ఇంజను కదల్లేదు.

నాన్న వాకిట్లో నిలబడి ఆ చప్పుడు విన్నాడు. "బ్యాటరీ దిగిపోయింది పాపా" అన్నాడు. వెంటనే ఇంకో మాట అడిగాడు: "ఈ మధ్య కొత్తగా ఏమన్నా పెట్టించినావా బండికి?"

పెట్టించాను. నాలుగు వారాల ముందే కంపెనీ స్టీరియో తీయించి, తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించాను.

ఆ బండి నాన్న కొన్నదే. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన ఏడాది, 2012లో, పెట్రోల్ స్విఫ్ట్ తీసుకున్నాడు. కళ్ళకు ఆపరేషన్ అయ్యాక దూరాలు నడపలేనని నాకు ఇచ్చేశాడు. ఇంజను ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది. కంపెనీ స్టీరియోలో సీడీ ఉంది, పెన్‌డ్రైవ్ పెట్టుకోవచ్చు, బ్లూటూత్ మాత్రం లేదు. ఫోన్‌లోని మ్యాపును కారు స్క్రీన్ మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటోను గూగుల్ ప్రకటించిందే 2014లో, కాబట్టి మ్యాపు చూపించమని ఆ స్టీరియోను అడగలేం. నేను రామ్మూర్తినగర్ నుంచి వైట్‌ఫీల్డ్‌కు రోజూ నడుపుతాను. ఏసీ గ్రిల్‌కు తగిలించిన హోల్డర్లో ఫోన్ పెట్టుకునేదాన్ని. టిన్ ఫ్యాక్టరీ దగ్గర గుంతలో పడినప్పుడల్లా ఆ హోల్డర్ ఊడి కాళ్ళ దగ్గర పడేది, బ్రేకు పెడల్ పక్కన. ఒకరోజు పడిన ఫోన్ కోసం వంగబోయి, ముందు ఆగిన బస్సును చివరి క్షణంలో చూశాను. ఆ వారమే నిర్ణయం తీసుకున్నాను. పైగా మా సందులో ఇంటి ఓనర్ మనవడు మూడు చక్రాల సైకిలు బండి వెనకే ఆపుతాడు, కాబట్టి రివర్స్ కెమెరా కూడా కావాలనుకున్నాను.

శనివారం జేసీ రోడ్డుకు వెళ్ళాను. టౌన్‌హాల్ దగ్గర నుంచి మినర్వా సర్కిల్ దాకా కారు సామాన్ల దుకాణాలే. బండి కాస్త నెమ్మదిస్తే చాలు, కిటికీ దగ్గరికి వచ్చి సీట్ కవర్లా, మ్యూజిక్ సిస్టమా అని అడుగుతారు. నాలుగు షాపులు తిరిగేసరికి నాకు కొన్ని సంగతులు అర్థమయ్యాయి. స్టీరియో కొలతలకు జర్మనీవాళ్ళ ప్రమాణం ఒకటి ఉంది, దాన్నే అందరూ డిన్ అంటారు. సింగిల్ డిన్ అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. డబుల్ డిన్ అయితే ఎత్తు 100. మా స్విఫ్ట్‌లో కంపెనీ స్టీరియో మొహం నలుచదరంగా ఉండదు, డాష్‌బోర్డు వంపుతో కలిసిపోయి ఉంటుంది. అందుకే ఆ బండికని చేసిన ఫ్రేము విడిగా కొనాలి. ఇక పెట్టెల మీద రాసిన అంకెల్ని నమ్మడానికి లేదు. పెట్టె మీద, సెట్టింగుల్లో కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ కనిపిస్తుంది, లోపల పాత 8227ఎల్ చిప్పు మీద పాత ఆండ్రాయిడే నడుస్తుంటుంది. ఛానెల్‌కు, అంటే ఒక్కో స్పీకర్‌కు, 60 వాట్లని రాస్తారు. బండి 14 వోల్టుల మీద, 4 ఓమ్‌ల స్పీకర్‌కు, వేరే ఆంప్లిఫయర్ లేకుండా అన్ని వాట్లు రావడం అసాధ్యం. ఇరవై చుట్టుపక్కల వస్తే అదే మంచి సెట్టు. నేను 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి ఉన్నది ఎంచుకున్నాను. ఎండలో కనిపిస్తుందా లేదా అని షాపు బయటకు తెప్పించి మరీ చూశాను.

ఇన్ని అడిగినదాన్ని, వైర్లు ఎలా కలుపుతారని ఒక్క మాట కూడా అడగలేదు.

అదే సెట్టు మా ఇంటి దగ్గరి షాపులో రెండు వేలు తక్కువకు వచ్చింది. అక్కడే కొని అక్కడే బిగించమన్నాను. గంటన్నరలో పని అయిపోయింది. కెమెరాతో కలిపి పదహారు వేల ఐదొందలు. పాత స్టీరియోను ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి ఇచ్చారు. బయల్దేరబోతూ చూస్తే తాళం తీసేసినా స్క్రీన్ వెలుగుతూనే ఉంది. అదేమని అడిగితే, "ఇది అంతే మేడం, పక్కనున్న పవర్ బటన్ నొక్కండి, ఆరిపోతుంది. మళ్ళీ నొక్కితే వెంటనే వస్తుంది, వెయిట్ చేయక్కర్లేదు" అన్నాడు కుర్రాడు. నిజంగానే పొద్దున బటన్ నొక్కగానే మ్యాపు ప్రత్యక్షమయ్యేది. అది సదుపాయమనే అనుకున్నాను. రోజూ తిరిగే బండి కాబట్టి నెల రోజులు ఏ తేడా తెలియలేదు.

నాన్న ఆ పొద్దున్నే బ్యాటరీ విప్పి, సైకిల్ మీద పెట్టుకుని బజారులో ఛార్జింగుకు ఇచ్చి వచ్చాడు. ప్రయాణం మర్నాటికి వాయిదా పడింది. ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పుకున్నాను, చిన్నోడికి బడి ఒకరోజు పోయింది. సాయంత్రం బ్యాటరీ వచ్చాక నాన్న తన పాత మల్టీమీటర్ బయటకు తీశాడు. డిపార్ట్‌మెంటులో ఉన్నప్పటి నుంచి వాడుతున్న పసుపు రంగు మీటరు అది, మూల పగిలితే చుట్టూ రబ్బరు బ్యాండు వేసి ఉంచాడు.

ఆయన చేసింది దగ్గర కూర్చుని చూశాను. మైనస్ క్లాంపు బ్యాటరీకి పెట్టలేదు. మీటరు ఎర్ర పిన్నును పది ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఒక మొన క్లాంపుకు, ఇంకో మొన బ్యాటరీ మైనస్‌కు తగిలించాడు. అంటే బండి తాగే కరెంటంతా మీటరు గుండానే పోవాలి. తాళం తీసేసి, తలుపులన్నీ వేసి, స్క్రీన్ బటన్ కూడా నొక్కి ఆపమన్నాడు. "కాసేపు ఉండనీ, లోపల అన్నీ పడుకోవాల" అన్నాడు. పది నిమిషాలు ఆగాం. మీటర్లో 0.41 ఆంపియర్ల దగ్గర అంకె నిలబడిపోయింది. స్క్రీన్ చూస్తే నల్లగా ఉంది, వెలుగు చుక్క లేదు.

స్టీరింగ్ కింద ఫ్యూజు పెట్టెలో స్టీరియో ఫ్యూజు లాగమన్నాడు. లాగాను. 0.02. మళ్ళీ పెట్టాను. 0.41.

"చూసినావా? నిద్రపోతా ఉండాది అనుకుంటివి. కళ్ళు మూసుకుని మేలుకోనుండాది అది."

నాన్న అక్కడే వేళ్ళ మీద లెక్క వేశాడు. గంటకు 0.41 చొప్పున రోజుకు దాదాపు పది ఆంపియర్ అవర్లు. మా బ్యాటరీ మొత్తం 35. భోగి మధ్యాహ్నం నుంచి ముక్కనుమ తెల్లవారేదాకా పాతికకు పైనే కారిపోయింది. మూడేళ్ళు వాడిన బ్యాటరీలో ఇక మిగిలేది ఏముంది?

తర్వాత వెన్న కత్తికి పాత పంచె గుడ్డ చుట్టి, ఫ్రేము అంచు కింద పెట్టి నెమ్మదిగా ఎత్తాడు. క్లిప్పులు ఒక్కొక్కటే ఊడి స్క్రీన్ చేతిలోకి వచ్చింది. దాని వెనక నల్లటి టేపు చుట్టలు చుట్టలుగా ఉంది. నెలకే ఆ టేపు జిగురు కారి వేళ్ళకు అంటుకుంటోంది. నాన్న ఒక చుట్ట విప్పాడు. లోపల రాగి పోగుల్ని రెండు మెలికలు తిప్పి వదిలేశారు, టంకం లేదు. దాని పక్కదే అసలు దోషి. సెట్టు నుంచి వచ్చిన పసుపు వైరు, ఎర్ర వైరు రెండింటినీ కలిపి మెలేసి, బండివైపు నుంచి వచ్చిన ఒకే వైరుకు కట్టేశారు.

ఆ రెండు వైర్ల పని వేరు. పసుపుది డైరెక్ట్ లైను. తాళం తీసినా బ్యాటరీ నుంచి 12 వోల్టులు వస్తూనే ఉంటాయి. గడియారం, రేడియో స్టేషన్లు, సెట్టింగులు గుర్తుండడానికి చిటికెడు కరెంటు చాలు. ఎర్రది ఏసీసీ. తాళం తిప్పితేనే దానికి కరెంటు వస్తుంది, తాళం తీసేస్తే పోతుంది. ఎర్ర వైరులో కరెంటు ఆగినప్పుడే సెట్టుకు "యజమాని దిగిపోయింది, పడుకో" అని తెలుస్తుంది. రెండూ కలిపేస్తే ఆ కబురు ఎప్పటికీ అందదు. బటన్ నొక్కితే ఆరేది స్క్రీన్ వెలుగు మాత్రమే, లోపల ప్రాసెసర్ నడుస్తూనే ఉంటుంది.

ఎందుకు కలిపారో పాత స్టీరియో చూశాక తెలిసింది. కవర్లోంచి తీసి వెనక్కి తిప్పితే, బండివైపు కప్లర్, అంటే వైర్లన్నీ ఒకేచోట గుచ్చుకునే ప్లగ్గు, ఇంకా దానికే గుచ్చి ఉంది. కప్లర్‌ను ఊడదీసే పని పెట్టుకోకుండా, దాని వెనక బెత్తెడు వైర్లు వదిలి మొత్తం కత్తిరించేశారు. నాన్న దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కి జాయింట్లు వేసిన మనిషి. చివరికి, "పీక కోసినారే పాపా, కంపెనీవాడు ఎంత ముచ్చటగా కట్టినాడో దాన్ని" అన్నాడు. కోసేశాక బండివైపు వైర్ల రంగులు సెట్టు వైర్ల రంగులతో కలవవు. మారుతికి దాని రంగులు దానికి ఉంటాయి. ఏ వైరులో కరెంటు ఎప్పుడు వస్తుందో టెస్ట్ లైటు పెట్టి వెతకాలి. ఆ ఓపిక లేక, దొరికిన ఒక లైవ్ వైరుకు రెండూ కట్టేశారు.

నాన్న ఎర్ర వైరు విడదీసి, కొసకు జాగ్రత్తగా టేపు చుట్టి పక్కన పెట్టాడు. మీటరు 0.02కు దిగింది. మర్నాడు ముళబాగిలు, కోలారు, హొసకోటె మీదుగా పాటలు లేకుండానే ఇంటికి చేరాం.

బెంగళూరు వచ్చాక ఆ షాపుకు వెళ్ళి అడిగాను. అందరూ ఇలాగే వేస్తారు, ఎవరూ కంప్లయింట్ చేయలేదు అన్నారు. సర్వీసు చార్జీ ఇస్తే మళ్ళీ చూస్తామన్నారు. నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. రాత్రి పూట హైవే మీద, పిల్లాడితో ఉన్నప్పుడు బండి ఆగి ఉంటే? మెలిక వదులై ఆ లైవ్ వైరు డాష్‌బోర్డు లోపల ఇనుముకు తగిలి ఉంటే? ఫ్యూజు పోతే పోయింది, పోకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే టెన్షన్.

ఓల్డ్ మద్రాస్ రోడ్డు పక్కన ఒక కారు ఎలక్ట్రీషియన్ అన్న ఉన్నాడు, మదనపల్లె మనిషి. ఆఫీసులో తెలిసినవాళ్ళు చెప్పారు. పాత స్టీరియోకు వేలాడుతున్న కప్లర్ చూడగానే ఆయన మొహం వెలిగింది. "తోకలు మిగిల్చినారక్కా, పుణ్యం కట్టుకున్నారు" అన్నాడు. ఆ బెత్తెడు వైర్ల రంగులు చూసి, బండివైపు అదే రంగు వైరును అదే రంగుతో జత చేసుకుంటూ పోయాడు. ప్రతి వైరుకు ముందు సన్నటి హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, పోగులు అల్లి, టంకం పోసి, చల్లారాక గొట్టాన్ని జాయింట్ మీదికి జరిపి వేడి చూపించాడు. గొట్టం బిగుసుకుని వైరును చర్మంలా పట్టుకుంది. అన్నీ అయ్యాక బండికి మళ్ళీ కంపెనీ కప్లర్ వచ్చింది. దానికి మారుతి కప్లర్ అని విడిగా దొరికేది తగిలిస్తే, రెండో కొస నేరుగా కొత్త సెట్టుకు కూర్చుంది. ఆ కప్లర్ ఖరీదు మూడొందల యాభై. మొదటి రోజే అది కొని ఉంటే కత్తెర అవసరమే ఉండేది కాదు. రేపు ఈ స్క్రీన్ వద్దనుకున్నా ఊడదీసి పాతది గుచ్చుకోవచ్చు.

స్టీరింగ్ మీది బటన్లు కూడా ఆయనే పని చేయించాడు. ఒక్కో బటన్ నొక్కినప్పుడు వైరులో రెసిస్టెన్స్ ఒక్కోలా మారుతుంది, సెట్టు దాన్ని కొలిచి గుర్తుపెట్టుకుంటుంది. ఇది వాల్యూమ్, ఇది తర్వాతి పాట అని ఒక్కొక్కటి నొక్కి నేర్పించాలి. బ్రేక్ అని రాసి ఉన్న వైరును పాత షాపువాళ్ళు ఎర్త్‌కు కట్టేశారు, నడుస్తుండగా కూడా వీడియో కనపడాలని. దాన్ని హ్యాండ్ బ్రేకుకు కలపమన్నాను. కార్టూన్ ఆగిపోయిందని చిన్నోడు అలిగాడు. అలగనీ. నడిపేటప్పుడు నా కళ్ళ పక్కన బొమ్మలు కదలకూడదు.

చివర్లో మీటరు పెట్టించాను. 0.03. మొత్తం ఖర్చు 1,800. ఆ అంకె ఫోటో తీసి నాన్నకు పంపితే, వెంటనే ఫోన్ చేసి టంకం వేశాడా లేదా అని అడిగాడు. ఇప్పుడు తాళం తీయగానే స్క్రీన్ తనంతట తనే ఆరిపోతుంది. పొద్దున మొదటిసారి పైకి లేవడానికి అర నిమిషం పడుతుంది, ఆ లోపు నేను సీటు బెల్టు పెట్టుకుని అద్దాలు సరిచేసుకుంటాను. వివిధ భారతి 102.9లో మునుపటిలాగే వస్తుంది.

మీరు పెట్టించుకుంటుంటే స్క్రీన్ సైజు, ర్యామ్ తర్వాత అడగండి. మా బండికి కప్లర్ ఉందా, వైరు కోయకుండా బిగిస్తారా అని ముందు అడగండి. కోయక తప్పదంటే ఆ షాపు దిగి వచ్చేయండి.

శివరాత్రికి వెళ్ళినప్పుడు పాత స్టీరియో పలమనేరు పంచలో కనిపించింది. ఎలక్ట్రీషియన్ అన్న పాత బండిదొక కప్లర్ ముక్క ఇచ్చాడు, 12 వోల్టుల అడాప్టర్ నాన్నే కొన్నాడు. ఒక చెక్క పెట్టెలో బిగించి, రెండు స్పీకర్లు పెట్టాడు. అది పాడుతుంటే అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. పెట్టె పక్కన చిన్న స్విచ్ ఒకటి ఉంది. గోడ దగ్గర స్విచ్ ఉండగా ఇదెందుకని అడిగాను.

"గోడ దగ్గర ఆపితే స్టేషన్లు మర్చిపోతాదే పాపా. డైరెక్ట్ ఎప్పుడూ ఉండనీ అని ఇడిచిపెట్టినా. ఏసీసీకి మాత్రమే ఈ స్విచ్" అన్నాడు నాన్న.