తమ్ముడి రైల్వే రాయితీ కార్డు: నా అనుభవం

వెన్నుపూసకు దెబ్బ తగిలినప్పటి నుంచి మా తమ్ముడికి కాళ్లు కదలవు. ఫిజియోథెరపీకి నల్లగొండ నుంచి హైదరాబాద్ వెళ్లాలంటే వాణ్ని బస్సు ఎక్కించడం మా వల్ల కాదు, రైలే దిక్కు. ఎవరో ఒకరం వెంట ఉండాలి కనుక ప్రతిసారీ రెండు టికెట్లు.

వైకల్య శాతాన్ని నిర్ధారించి ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ చూపిస్తే రాయితీ ఇస్తారనుకుంటారు చాలామంది. ఇవ్వరు. స్టేషన్ కౌంటర్‌లో ఒక ఉద్యోగి ఓపిగ్గా వివరించారు: రైల్వేకు వేరే ఫారం ఉంది, దాని మీద ప్రభుత్వ వైద్యుడి సంతకం, ముద్ర ఉండాలి. తమ్ముడిలాంటి వారికి వైకల్యం ఎంత శాతమన్నది ఒక్కటే చాలదు, 'తోడు లేకుండా ప్రయాణించలేరు' అని వైద్యుడు ధ్రువీకరించాలి. మేము మొదట కలిసిన వైద్యుడు ఆ ఫారం ఎప్పుడూ చూడలేదంటూ తెల్లకాగితం మీద శాతం రాసి పంపేశారు. మంచం మీద నుంచి కుర్చీలోకి మారడానికే మరొకరి చేయి కావలసినవాడు "అక్కా, మళ్లీ రావాలా?" అని అడిగితే నాకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. తర్వాత నేనే ఫారం ప్రింటు తీసి, ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, ఎముకల వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన పూర్తిగా చదివి, తమ్ముణ్ని పరీక్షించి, ముద్ర సగం ఫొటో మీద పడేలా వేసి ఇచ్చారు. అలా పడటం తప్పనిసరి.

మిగతాది తేలికే. దివ్యాంగుల కార్డు కోసం రైల్వే పెట్టిన వెబ్‌సైటులో ఆధార్, పుట్టినతేదీ రుజువు, ఫొటో, సదరం సర్టిఫికెట్, వైద్యుడు ముద్ర వేసిచ్చిన రాయితీ సర్టిఫికెట్ ఎక్కించాం. మా స్టేషన్ అప్పటికి గుంటూరు డివిజన్ కింద ఉండేది, పరిశీలన అక్కడే జరిగింది. శాశ్వత వైకల్యమైనా 25 ఏళ్లలోపు వారికి ఆ రాయితీ సర్టిఫికెట్ 5 ఏళ్లు, 26 నుంచి 35 వరకు 10 ఏళ్లు, ఆపైన జీవితాంతం చెల్లుతుంది. గడువు రాసిపెట్టుకోండి.

ఇప్పుడు సెకండ్ క్లాస్, స్లీపర్, థర్డ్ ఏసీల్లో వాడికీ, తోడు వెళ్లేవారికీ ఛార్జీలో 75 శాతం తగ్గుతుంది. సెకండ్ ఏసీలో 50 శాతం. నెలవారీ సీజన్ టికెట్‌కూ సగమే.

ఇక మిగిలింది రైలెక్కడం. దివ్యాంగుల బోగీ సాధారణంగా రైలుకు ఏదో ఒక చివర ఉంటుంది. ఏ చివరో ముందే తెలియకపోతే, ఆగే ఆ కాస్త సమయంలో చక్రాల కుర్చీని ప్లాట్‌ఫారం పొడవునా తోయలేం. అందుకే ముందుగా స్టేషన్ మాస్టర్‌ను అడిగి అక్కడే నిలబడతాం. ఈ ఒక్క సంగతీ ప్రతి రైలుకూ మైకులో ప్రకటించాలని విజ్ఞప్తి రాసి ఇచ్చాను. జవాబు కోసం చూస్తున్నాను.